‘లోయర్ డెక్స్’ ధారావాహికలో పూర్వకథా ప్రస్తావన – స్మృతి

మైక్ మెక్‌మహన్ రూపొందించిన యానిమేషన్ వైజ్ఞానిక కాల్పనిక ధారావాహిక ‘స్టార్ ట్రెక్: లోయర్ డెక్స్’ 2020లో మొదలై 2024లో అయిదవ సీజన్‌తో ముగిసింది. ఇందులోని పూర్వకథా ప్రస్తావనలపై అభిమానుల్లో రెండు వాదాలున్నాయి. పాత పేర్లను పదేపదే తలపించడం గతకాల మమకారాన్ని సొమ్ము చేసుకోవడమేనని ఒక పక్షం. ఆ లోకంలో నివసించే పాత్రలకు ఆ పేర్లు తమ చరిత్రేనని మరొక పక్షం.

ఏ వాదమూ అన్ని సందర్భాలకూ వర్తించదు. 2021 నాటి ఎపిసోడ్‌లో టామ్ పారిస్ స్మారక పళ్లెంపై అతని సంతకం కోసం బోయిమ్లర్ పడే పాట్లు హాస్యానికే పరిమితం. ‘వాయేజర్’ చూడనివారికి అందులో సగమే అందుతుంది.

2023 నాటి నాలుగవ సీజన్‌లో స్థితి వేరు. పదోన్నతి దక్కిన ప్రతిసారీ దాన్ని చెడగొట్టుకునే మారినర్, స్నేహితురాలు సీటో జాక్సా మరణమే అందుకు మూలమని వెల్లడిస్తుంది. సీటో 1994లో ‘నెక్స్ట్ జనరేషన్’ ధారావాహికలోని ‘లోయర్ డెక్స్’ ఎపిసోడ్‌లో మరణించిన కిందిస్థాయి అధికారిణి. ఈ ధారావాహిక పేరుకు మూలమూ అదే. పాత కథ తెలియనివారికి ఇక్కడ మిత్రవియోగం అర్థమవుతుంది. తెలిసినవారికి, దాదాపు మూడు దశాబ్దాలకు ఆ మరణానికి దుఃఖించే మనిషి దొరికిందన్న భావం అదనంగా స్ఫురిస్తుంది.

వెలుగు కోరేవాడు దీపాన్ని కాపాడుకున్నట్లు, వ్యంగ్యార్థం కోరేవాడు వాచ్యార్థాన్ని ఆదరించాలని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో భావించాడు. ఆ దృష్టితో చూస్తే ప్రస్తావనల సంఖ్య ప్రమాణం కాదు. పళ్లెాన్ని తొలగిస్తే ఒక నవ్వు పోతుంది. సీటోను తొలగిస్తే మారినర్ అర్థం కాదు.