టైరు మీద రేకు

విజయవాడ ఆటోనగర్‌లో పాత మహీంద్రా జీపు ఏదైనా విప్పి ఉంటే, చుట్టూ చేరినవాళ్లంతా ఇంజిను గురించే మాట్లాడతారు. నా కాళ్లు మాత్రం టింకరింగ్ మేస్త్రి ఉన్న మూలకే పోతాయి. మడ్‌గార్డు అంచుకి కొత్త రేకు కలిపి, టైరు మీదికి చూరులా బయటికి చాపే పని చూడటం నాకు ఇష్టం. ఫ్లేర్లు కట్టడం అంటారు దాన్ని.

ఆ జీపులు ఆరంగుళాల వెడల్పు టైర్ల కోసం పుట్టినవి. ఇప్పుడు కుర్రాళ్లు 31 అంగుళాల ఎత్తు, పదిన్నర అంగుళాల వెడల్పు ఉన్నవి తొడుగుతున్నారు. టైరు మడ్‌గార్డు దాటి బయటికొచ్చేస్తుంది. వానాకాలం ఏజెన్సీ దారిలో అలాంటి జీపు వెనక మోటారు సైకిల్ మీద వెళ్తే తెలుస్తుంది ఆ చూరు విలువ. బురద పడితే కడుక్కోవచ్చు, గులకరాయి తగిలితే? ఫ్లేరుని సోకు అనుకునేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. బండి యజమాని డబ్బు పెట్టినా, సగం మేలు వెనక వచ్చేవాడిదే.

నిలబడి ఉన్న జీపుకి ఫ్లేరు కట్టడం పెద్ద విద్య కాదు. టైరుకీ రేకుకీ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయి కదా, చాలనిపిస్తుంది. అదే జీపు ఒక చక్రం గోతిలో, ఇంకోటి బండ మీద పెట్టి, కమాను కట్టలు పూర్తిగా అణిగి, స్టీరింగు కొసదాకా తిరిగి ఉంటే ఆ సందు మాయం. అప్పుడు రేకు అంచు టైరుని కోస్తుంది. అందుకే పని తెలిసిన మేస్త్రి ముందు ఒక చక్రాన్ని దిమ్మె ఎక్కిస్తాడు. స్టీరింగు ఇటూ అటూ తిప్పించి, టైరు ఎక్కడిదాకా వస్తుందో సుద్దతో గీస్తాడు. ఆ తర్వాతే అట్టముక్క, కత్తెర. కుడివైపు కోసిన అట్టని తిరగేసి ఎడమవైపు పెడదామంటే పాత జీపు దగ్గర కుదరదు. ఎన్ని దెబ్బలు తిని, ఎన్ని అతుకులు పడ్డ బాడీయో! కొలత బాడీ అంచు నుంచి కాదు, ఇరుసు మధ్య నుంచి తియ్యాలి.

ఆకారం దగ్గర నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ముందు మడ్‌గార్డు బల్లపరుపుగా ఉండే ఈ జీపులకి నిండు గుండ్రటి ఫ్లేరు నప్పదు. మూడు నాలుగు తిన్నటి ముక్కలు కోణాలుగా కలిపిందే ఆ ముఖానికి ఒప్పుతుంది. పనీ తేలికే. గుండ్రమే కావాలంటే పైభాగం నెలవంకలా కోసి, దాని అంచుకి వేరే పట్టీ వంచి అతకాలి. తిన్నటి పట్టీనే పక్కకి వంచబోతే లోపలి అంచు ముడతలు పడుతుంది.

లావు రేకు వెయ్యమని అడిగేవాళ్లే ఎక్కువ. 16 గేజ్, అంటే సుమారు 1.6 మి.మీ., 8×4 అడుగుల షీటు 37 కిలోల దాకా తూగుతుంది. అందులోంచి కోసిన ముక్కల్ని అరిగిపోయిన పాత మడ్‌గార్డు మొయ్యాలి. నా ఓటు 1.2 మి.మీ. మందం ఉండే 18 గేజ్‌కే. అంచున 6 మి.మీ. కమ్మీ పెట్టి రేకు దాని మీదికి మడిస్తే బలం వస్తుంది, నడిచేవాళ్ల కాలికి కోసుకోదు కూడా.

అసలు కష్టం వెల్డింగ్‌లో. అతుకు చల్లారేటప్పుడు ముడుచుకుని చుట్టూ ఉన్న రేకుని లాగేస్తుంది. మామూలు ఆర్క్ రాడ్డుతో ఇంత పలచటి రేకుకి చిల్లులు పడటం చిటికెలో పని. మిగ్ మిషన్ మీద 0.8 మి.మీ. తీగతో, ఈ కొసన ఒక చుక్క, ఆ కొసన ఒక చుక్క, మధ్యలో ఇంకోటి. రేకు మీద చెయ్యి ఆనేంత చల్లబడ్డాకే మళ్లీ. కింద డాలీ అనే ఇనుప దిమ్మె పెట్టి అతుకు మీద చిన్న దెబ్బలు వేస్తే ముడుచుకున్న రేకు మళ్లీ సాగుతుంది. ఇది ఓపిగ్గా చేస్తే లప్పం పొరలాగా పడితే చాలు. తొందరపడితే వంకరలన్నీ లప్పంతో పూడ్చాలి, మొదటి రాతిదారిలోనే అది పెచ్చులూడుతుంది. జీఐ రేకు తుప్పు పట్టదని తెచ్చేవాళ్లకి ఒక మాట: జింకు పూత గీకకుండా అతికితే ఆ పొగకి ఒళ్లు నొప్పులు, జ్వరం వస్తాయి.

ప్లాస్టిక్ ఫ్లేర్లు చవక, బండకి ఒరుసుకున్నా వంగి మళ్లీ లేస్తాయి. ఇనుము వంగితే వంగినట్టే ఉండి టైరు మీద కూర్చుంటుంది. కాకపోతే సుత్తి ఉంటే అడవిలోనే సరిచేసుకోవచ్చు, పగిలిన ప్లాస్టిక్‌తో ఆ వీలు లేదు. ఇక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టూ ఇదే చెప్పింది. కాబట్టి రేకు కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగడం మేలు.

బిగించడం గురించి మేస్త్రీల్లో రెండు పక్షాలున్నాయి. మొత్తం వెల్డ్ చేస్తే గట్టిదనం, చూపుకి అతుకు కనపడదు. కానీ సందులోకి చేరిన బురద ఆరదు, తుప్పు లోపల్నుంచి మొదలవుతుంది. విశాఖ వైపు ఉప్పుగాలికైతే మరీ. నేను బోల్టుల పక్షం. మధ్యలో రబ్బరు బీడింగు, అడుగున నీళ్లు కారేందుకు రంధ్రం, లోపలివైపు ఛాసిస్ పెయింటు. ఏడాదికోసారి స్పానర్‌తో విప్పి, మట్టి గీకి, మళ్లీ రంగేసి బిగించుకోవచ్చు.