‘మేము’ ఎక్కడ ‘మనం’ అవుతుంది? – యాత్రారచనలో మొదటి రోజు

విదేశయాత్రను గురించిన ఏ పుస్తకం చేతికి వచ్చినా ముందు మొదటి రోజు ప్రకరణం తీసి చదవండి. మూడో రోజుకు రచయిత కళ్ళు ఆ ఊరికి అలవాటు పడిపోతాయి. ఐదో రోజుకు సామాను బరువు, కొనవలసిన వస్తువుల జాబితా కథనాన్ని ఆక్రమిస్తాయి. తెలియని ఊళ్ళో మనిషి దేన్ని చూస్తాడు, దేన్ని చూడకుండా దాటిపోతాడు అన్నది బయటపడేది మొదటి రోజునే.

ఈ ప్రకరణాన్ని పరిశీలించడానికి మన భాషలోనే ఒక సాధనం ఉంది. ‘మేము’ అన్నప్పుడు వినేవాడు అందులో లేడు. ‘మనం’ అన్నప్పుడు ఉన్నాడు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకటే మాట. రచయిత ఎక్కడ ‘మేము’ అంటున్నాడో, ఎక్కడ ‘మన’ అంటున్నాడో పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదవండి.

మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కుటుంబంతో, పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ‘కాశీయాత్ర చరిత్ర’ ఆయన పోయిన తరువాత 1838లో అచ్చయింది. కుంఫిణీ పాలనలోని మద్రాసు నుంచి వెళ్ళినవాడికి నైజాం హైదరాబాదు పరరాజ్యమే. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెను ఉద్దేశించి రాస్తూ, ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయి, నీటివసతి ఎట్లా ఉంది, దారి ఎట్లాంటిది అన్నవి ఓపికగా నమోదు చేశాడు. రేపు అదే దారిన వచ్చేవాడికి ఆ వాక్యాల్లో ముందే చోటుంది. సర్వనామం ఏదైనా, ఆ పుస్తకానిది ‘మనం’ స్వభావం.

ఇక ఇప్పటి కుటుంబయాత్ర. ఏ ఒక్క పుస్తకాన్నీ ఇక్కడ తప్పుపట్టడం లేదు. ఇటువంటి రచనల్లో తరచు కనిపించే నమూనాను అమలాపురానికి తెచ్చి చెబుతున్నాను. వేసవి సెలవులు. తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ విశాఖపట్నంలో రాత్రి విమానం ఎక్కి తెల్లారేసరికి సింగపూరులో దిగారు. గడియారాలు రెండున్నర గంటలు ముందుకు తిప్పుకున్నారు. మధ్యాహ్నం నది ఒడ్డున మెర్‌లయన్ బొమ్మ. దాని ఎత్తు 8.6 మీటర్లని పుస్తకంలో తప్పకుండా ఉంటుంది. నదిని చూసి ‘అచ్చం మన కాలువే’ అనే వాక్యమూ ఉంటుంది. (ఎవరైనా వచ్చి కోనసీమను ‘మరో కేరళ’ అంటే మనకు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి.) నాయనమ్మ మోకాళ్ళ నొప్పితో ఒక బల్ల మీద రెండు గంటలు కూర్చుండిపోతుంది. ఆమె అక్కడ ఏం చూసిందో రచయిత అడగడు. ‘మేము’లో ఆమె కూడా ఉందనుకుంటాడు. నాకు చదవాలని ఉన్నది ఆ రెండు గంటలే.

సాయంత్రం సెరంగూన్ రోడ్డు. మల్లెపూలు, వీరమాకాళియమ్మన్ గుడి, ఇడ్లీ, ముస్తఫా అంగడి. ‘ఇక్కడంతా మనవాళ్ళే!’ అని వాక్యం పొంగుతుంది. కాని అది ఆదివారం. భవనాలు కట్టే కూలీలకు సెలవు. తమిళులు, బంగ్లాదేశీయులు, తెలుగువాళ్ళు వేల సంఖ్యలో గడ్డి మీద కూర్చుని ఇళ్ళకు ఫోన్లు చేసుకుంటూ ఉంటారు. వెంటనే వచ్చే వాక్యం: ‘రద్దీ ఎక్కువగా ఉండటంతో మేము పిల్లల చేతులు పట్టుకుని త్వరగా దాటేశాం.’ పూలు అమ్మే ఆమె దగ్గర ‘మన’గా ఉన్నది నాలుగు అడుగులు వేసేసరికి మళ్ళీ ‘మేము’ అయింది. పిల్లల చేయి పట్టుకోవడంలో తప్పు లేదు. తన వాక్యం మారిన సంగతి రచయిత గమనించకపోవడమే నాకు అభ్యంతరం.

కోనసీమ పాఠకుడికి ఇది దూరపు విషయం కాదు. అదే అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో పక్క వీధి నుంచి ఒక తల్లి ఏజెంటుకు డబ్బు కట్టి ఖద్దామా వీసా మీద కువైట్ వెళ్ళి ఉంటుంది. ఆమె మొదటి రోజు విమానాశ్రయం నుంచి యజమాని ఇంటి దాకా. నగరం కారు అద్దంలోంచి కనిపించినంత మేరకే. ఆమె వాక్యంలో ‘మేము’కు కూడా వీలు లేదు, ‘నేను’ ఒక్కటే. అంతకు ముందు గోదావరి తీరం నుంచి ఓడలెక్కి ‘రంగం’ వెళ్ళిన కూలీలున్నారు. కోరంగి రేవు పేరున రంగూనులో తెలుగువాళ్ళకు ‘కొరంగీలు’ అన్న పేరు స్థిరపడిపోయింది. రంగూను రేవులో దిగిన వారి మొదటి రోజు మన యాత్రాసాహిత్య పాఠాల్లో ఎక్కడుంది?

అది వలస సాహిత్యం, ఇది యాత్రాసాహిత్యం, రెండింటినీ కలపకూడదని కొందరు మిత్రులు వాదిస్తారు. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడానికి ఆ విభజన పనికొస్తుంది. కాని ఊరు విడిచి పరాయి నగరంలో కళ్ళు తెరవడమే యాత్రారచనకు మూలమైతే, తిరుగు టిక్కెట్టు ఉన్నవాళ్ళ కళ్ళనే లెక్కలోకి తీసుకోమని ఏ లక్షణగ్రంథమూ చెప్పలేదు.

ఈ భాగానికి అభ్యాసంగా ఒక పని చేయండి. మీ ఇంట్లోనో వీధిలోనో పరదేశం వెళ్ళివచ్చినవారు తప్పక ఉంటారు. సెలవులకు వెళ్ళిన ఒకరిని, పనికి వెళ్ళిన ఒకరిని అక్కడి మొదటి రోజు గురించి అడగండి. ఇద్దరి మాటలూ వారు చెప్పినట్టే చెరొక పేజీ రాసి, ‘మేము’, ‘మనం’, ‘నేను’ వచ్చిన చోట్ల గీతలు గీసి సంపర్క తరగతికి తీసుకురండి.