ఐదో వంతు లెక్క

కంకిపాడులో బందరు రోడ్డు పక్కన చిన్న ల్యాబులో లిపిడ్ ప్రొఫైల్ చేయించుకున్నారనుకుందాం. చేతికొచ్చే కాగితంలో వీఎల్‌డీఎల్ అంకె చాలాసార్లు ట్రైగ్లిసరైడ్లలో సరిగ్గా ఐదో వంతు ఉంటుంది. 160కి 32, 200కి 40. ఒంట్లో ఏదీ అంత కచ్చితంగా తూగదు. ఆ వరస ఎవరూ కొలిచింది కాదు, భాగించి రాసింది. గుండెపోటుకీ పక్షవాతానికీ భయపడి మనం ముందుగా వెతుక్కునే ఎల్‌డీఎల్ కూడా అలాంటి కాగితంలో తీసివేతలో మిగిలినదే.

మోసమనుకోకండి. వైద్యంలో ఇంత పొదుపైన పనితనం అరుదు.

కొవ్వు నెత్తుట్లో కరగదు. ప్రొటీన్ తొడుగున్న రేణువులుగా తిరుగుతుంది, అవే లైపోప్రొటీన్లు. వాటిలో వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అని రకాలున్నాయి. ఎల్‌డీఎల్ రేణువులు ధమని గోడలోకి దూరి పేరుకుంటాయి. ఈ రకాలను విడదీయాలంటే ఒకప్పుడు అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో గంటల తరబడి తిప్పాల్సి వచ్చేది. ఆ యంత్రం పెద్ద పరిశోధనశాలలకే దక్కేది. 1972లో అమెరికాలో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్ 448 మంది నమూనాలతో సరిచూసి, అది లేకుండానే దారి చూపారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిసరైడ్లలో ఐదో వంతునీ తీసేయడమే. 210లోంచి 38, 32 పోతే 140. ధర్మకాటా మీద లోడు ట్రాక్టరును తూచి, ఖాళీ బండి బరువు తీసేసి ధాన్యమెంతో చెప్పినట్టు.

ఆ ఐదో వంతును ఎక్కడ వాడారో చూడాలి. పరగడుపున ట్రైగ్లిసరైడ్లు చాలావరకు వీఎల్‌డీఎల్‌లోనే ఉంటాయి, అందులోని కొలెస్ట్రాల్‌కి సుమారు ఐదింతలు. సుమారే, మనిషి మనిషికీ మారుతుంది. అయితే మొత్తంలో వీఎల్‌డీఎల్ వాటా చిన్నది కనక, అక్కడ కాస్త అటూఇటూ అయినా ఎల్‌డీఎల్ పెద్దగా చెదరదు. ఉజ్జాయింపు తప్పనప్పుడు దాన్ని నష్టం తక్కువైన చోట వాడుకోవడమే వాళ్ల నేర్పు. ట్రైగ్లిసరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదనీ వాళ్లే చెప్పారు. తన పనిముట్టు ఎక్కడ మొద్దుబారుతుందో తానే చెప్పే పనివాడంటే నాకు గురి.

మనకు చిక్కు కూడా అక్కడే. వరి అన్నమే ప్రధానమైన మన తిండికి ట్రైగ్లిసరైడ్లు తేలిగ్గా పెరుగుతాయి. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో చేసి 2014లో వెలువరించిన ఐసీఎంఆర్ అధ్యయనంలో 29.5 శాతం మందికి అవి ఎక్కువ, 72.3 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువ. ఇది చిన్న సంగతి కాదు: గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో 2003–04లో చావుల కారణాలు ఆరా తీస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే.

2013లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పదమూడు లక్షలకు పైగా నమూనాలు చూసి, ఐదుకు బదులు మనిషిని బట్టి మారే భాజకాన్ని సూచించారు. అది మెరుగే. పాత లెక్క అందం మాత్రం దానికి లేదు, పెన్నూ కాగితంతో తేలదు.

మీ రిపోర్టు తీసి ట్రైగ్లిసరైడ్లను ఐదుతో భాగించి, వీఎల్‌డీఎల్ అంకెతో పోల్చి చూడండి. ట్రైగ్లిసరైడ్లు 400 దాటి ఉంటే, ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిపించాలా అని డాక్టరుగారిని అడగండి.