బొమ్మ వెనుక వ్రాత

1856లో మద్రాసు సైన్యాధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా హంపీ శిథిలాలను మైనము పట్టించిన కాగితపు నెగటివులపై చిత్రించాడు. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఛాయాగ్రాహకుడు ఆ చోట్లనే నిలిచి ఆ దృశ్యాలనే మరల తీశాడు. ఆ జంటలను ప్రక్కప్రక్కన ఉంచితే 127 ఏండ్లలో ఏది కూలినదో, ఏది నిలిచినదో కంటితో చూడవచ్చును. చోటు, కాలము తెలిసినందువల్లనే పాతబొమ్మ కొలబద్ద అయినది.

1876–78 కరువునాటి బొమ్మల సంగతి వేరు. బళ్లారి, కర్నూలు జిల్లాలు ఆ కరువులో మిక్కిలి నలిగినవి. అప్పుడు డబ్ల్యు. డబ్ల్యు. హూపర్ ఎముకల గూళ్లవంటి మనుష్యులను గుంపులుగా అమర్చి తీసిన చిత్రాలు లోకప్రసిద్ధములు. వారిని అట్లు కూర్చోబెట్టుట నిర్దయ అని పలువురు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ న్యాయమే. చరిత్రకు జరిగిన నష్టము మరొకటి కలదు. ఆ ముఖాలకు పేరు లేదు, ఊరు లేదు. వారిలో ఆదోని సీమవారు కలరా అని అడిగితే బొమ్మ బదులు చెప్పదు.

ఆదోని, ఎమ్మిగనూరు బొమ్మలను ప్రోగుచేయువారు ఇది గుర్తుంచుకొనవలెను. 1953 అక్టోబరు 1 వరకు ఈ రెండు ఊళ్లూ బళ్లారి జిల్లాలోనివి. కనుక పాత అట్టవెనుక ‘బళ్లారి’ అని ఉంటే తప్పు దిద్దినట్లు కొట్టివేయరాదు; ఆ మాటయే కాలానికి సాక్ష్యము. కోట, మసీదు, పత్తి, మగ్గము అని విషయములవారీగా విడదీయుటకు చాలామంది తొందరపడుదురు. చూచుటకు ముచ్చటగానే ఉండును గాని, స్టూడియో పెట్టెలోని వరుస చెదరిపోవును. తేదీ గల రెండు నెగటివుల నడుమ ఉన్నదే తేదీలేని మూడవదానికి ఆధారము. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. ఒక గుంటమగ్గపు బొమ్మ అంతకు ముందుదో తరువాతిదో ఆ వరుసయే తేల్చవలెను. విషయసూచిక వేరే పుస్తకములో వ్రాసుకొన్న చాలును.

ఇక భద్రత. రేకుల కప్పు క్రింది ట్రంకుపెట్టె ఈ సీమ వేసవిలో కొలిమియే. హైపో సరిగా కడగని ప్రింటు పసుపెక్కును. పుల్లని వాసన వేయు ఎసిటేటు ఫిల్మును తక్కినవాటి నుండి వెంటనే వేరుచేయవలెను, ఆ ఆమ్లము ప్రక్కవాటినీ చెరచును. గాజుపలకలను ఒకదానిపై నొకటి పేర్చక అంచుపై నిలబెట్టవలెను. వెనుక వ్రాయుటకు మెత్తని పెన్సిలు తప్ప బాల్‌పెన్ను కూడదు. స్కానింగు చేయునప్పుడు వెనుక వైపును కూడా తీయవలెను. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో గీకిన పేరు, అన్నీ అక్కడనే ఉండును.