గీత పెన్నుది, నింపడం బ్రష్‌ది

విండోస్ ప్రోగ్రాములో ఒక దీర్ఘచతురస్రం గీయమంటే కంప్యూటరు రెండు పనులు చేస్తుంది. అంచు వెంబడి గీత గీస్తుంది, లోపలి జాగాను నింపుతుంది. గీత మందం, రంగు పెన్ను అనే ఆబ్జెక్ట్ చూసుకుంటుంది. లోపల ఏముండాలో బ్రష్ అనే ఆబ్జెక్ట్ చూసుకుంటుంది. గీసే ఫంక్షన్‌కి మనం ఇచ్చేవి నాలుగు అంకెలే: ఎడమ, పై, కుడి, కింద. రంగు ఊసే అందులో ఉండదు.

చూడటానికి ఇది చిన్న ఏర్పాటు. కానీ తెర మీద బొమ్మలు గీసే విద్యలో ఇంతకన్నా తెలివైన ఏర్పాట్లు కొన్నే ఉన్నాయని నా నమ్మకం. బొమ్మ హద్దు ఏమిటన్నది ఒక ప్రశ్న. ఆ హద్దు లోపల ఒక్కో పిక్సెల్‌కి ఏ రంగు రావాలన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ విడదీశాక ఒకే బ్రష్‌తో వృత్తాన్ని నింపొచ్చు, నక్షత్రాన్ని నింపొచ్చు, తర్వాతి రోజుల్లో అక్షరాలనూ నింపొచ్చు. ఒకే నక్షత్రాన్ని పది రకాలుగా నింపినా నక్షత్రం గీసే కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఎన్ని తరాల సాఫ్ట్‌వేర్ మారినా ఈ పద్ధతి నిలబడింది అందుకే.

దీని వేళ్ళు పేదరికంలో ఉన్నాయి. 1984 జనవరిలో ఆపిల్ తెచ్చిన మెకింటాష్ తెర అడ్డంగా 512 పిక్సెళ్ళు, నిలువుగా 342. ప్రతి పిక్సెలూ నలుపో తెలుపో, మధ్యస్థం లేదు. అయినా దాని డెస్క్‌టాప్ చూసినవాళ్ళకి బూడిదరంగే కనిపించింది. బిల్ అట్కిన్సన్ రాసిన క్విక్‌డ్రా అనే గ్రాఫిక్స్ భాగం ఆ పని చేసింది. అందులో ఆకారాలను ప్యాటర్న్‌తో నింపుతారు. ప్యాటర్న్ అంటే ఎనిమిది వరసలు, వరసకి ఎనిమిది పిక్సెళ్ళు. వరసకి ఒక బైట్, మొత్తం ఎనిమిది బైట్లు. బూడిదరంగు ప్యాటర్న్‌ని దగ్గరగా చూస్తే మొదటి వరస 170, రెండోది 85, మళ్ళీ 170, మళ్ళీ 85. బైనరీలో 170 అంటే 10101010, 85 అంటే 01010101. పై వరసలో నలుపు ఉన్నచోట కింది వరసలో తెలుపు. చదరంగం పలక అంత మామూలు అమరిక, దూరం నుంచి చూస్తే కన్ను రెండింటినీ కలిపేసుకుంటుంది. 136, 34 మార్చి మార్చి వేస్తే నాలుగు పిక్సెళ్ళలో ఒకటే నలుపు, లేత బూడిద. 119, 221 వేస్తే నాలుగింట మూడు నలుపు, ముదురు బూడిద.

ఎనిమిదే ఎందుకంటే, వరస సరిగ్గా ఒక బైట్‌లో ఇమిడిపోతుంది. అడ్డంగా ఎంత వెడల్పు నింపాలన్నా అదే బైట్‌ని పక్కపక్కన రాసుకుంటూ పోతే చాలు, రెండు కొసల దగ్గర మాత్రం అక్కర్లేని బిట్లను అడ్డుకోవాలి. ఆ యంత్రానికి ఉన్న మెమరీ మొత్తం 128 కిలోబైట్లు, అందులో తెర ఒక్కటే దాదాపు 22 కిలోబైట్లు తినేస్తుంది. అంత ఇరుకులో ఎనిమిది బైట్లతో ఒక కొత్త రంగు పుట్టించడం నాకు ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది. అట్కిన్సనే రాసిన బొమ్మల ప్రోగ్రాము మాక్‌పెయింట్‌లో తెర అడుగున ఈ ప్యాటర్న్‌లు బారుగా ఉండేవి. ఇటుక గోడ ప్యాటర్న్ కూడా ఆ ఎనిమిది బైట్లలోనే ఉంది. క్విక్‌డ్రా, మాక్‌పెయింట్ సోర్స్ కోడ్‌ని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2010లో బయటపెట్టింది. కోడ్ చదవడం అలవాటున్నవాళ్ళు ఒకసారి చూడదగ్గది.

1985 నవంబరులో వచ్చిన మొదటి విండోస్‌లో ఈ ఆలోచన బ్రష్ పేరుతో స్థిరపడింది. జీడీఐ అనే దాని గ్రాఫిక్స్ వ్యవస్థలో క్రియేట్‌సాలిడ్‌బ్రష్ ఒకే రంగు బ్రష్ ఇస్తుంది. క్రియేట్‌హ్యాచ్‌బ్రష్ గీతల బ్రష్ ఇస్తుంది: అడ్డ గీతలు, నిలువు గీతలు, రెండు వైపులా ఏటవాలు గీతలు, గళ్ళు, ఏటవాలు గళ్ళు, మొత్తం ఆరు రకాలు. క్రియేట్‌ప్యాటర్న్‌బ్రష్‌కి చిన్న బిట్‌మ్యాప్ ఇస్తే దాన్నే పలకలా పరుచుకుంటూ పోతుంది. ఇవి కాక తెలుపు, నలుపు, మూడు బూడిదల బ్రష్‌లు సిస్టమ్ దగ్గర సిద్ధంగా ఉంటాయి, తయారు చేసుకోనక్కర్లేదు. వాటితో పాటు శూన్య బ్రష్ ఒకటి ఉంటుంది. దీర్ఘచతురస్రం గీసే ఫంక్షన్ లోపలి భాగాన్ని నింపకుండా వదలదు. అంచు మాత్రమే కావాలంటే శూన్య బ్రష్‌ని చేతికివ్వాలి. నింపకపోవడాన్ని కూడా ఒక బ్రష్‌గానే చూసినందువల్ల గీసే కోడ్‌లో ప్రత్యేకంగా ఏ షరతూ రాయాల్సిన పని తప్పింది.

పదహారు రంగుల వీజీఏ తెరల రోజుల్లో సాలిడ్ బ్రష్ చేసిన సాయం చాలామందికి తెలియదు. మీరు అడిగిన రంగు తెర దగ్గర లేకపోతే, ఉన్న రంగుల పిక్సెళ్ళను ఎనిమిది బై ఎనిమిది పలకలో కలగలిపి ఆ రంగు భ్రమ కలిగించేది. పెన్నుకి ఆ సౌకర్యం లేదు, దగ్గరగా ఉన్న శుద్ధమైన రంగుతో సరిపెట్టుకునేది. ఒకే రంగు సంఖ్య పెన్నుకీ బ్రష్‌కీ ఇస్తే, అంచు ఒక రంగులో, లోపల వేరొక రంగులో కనిపించడం అప్పట్లో మామూలే. సన్నని గీత మీద పిక్సెళ్ళను కలగలిపితే గీత తెగినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ తేడా సబబే.

జీడీఐ బ్రష్‌తో పని చేయడానికి ఒక క్రమశిక్షణ ఉంది. బ్రష్ తయారు చేయాలి. సెలెక్ట్‌ఆబ్జెక్ట్‌తో గీసే ఉపరితలానికి తగిలించాలి. అప్పటిదాకా అక్కడున్న పాత బ్రష్‌ని ఆ ఫంక్షన్ తిరిగిస్తుంది, దాన్ని దాచుకోవాలి. గీయాలి. పాతదాన్ని మళ్ళీ తగిలించాలి. అప్పుడు కొత్తదాన్ని డిలీట్‌ఆబ్జెక్ట్‌తో తీసేయాలి. ఇందులో చివరి రెండు మెట్లలో ఏది తప్పినా ఆ క్షణంలో ఏమీ జరగదు, అసలు చిక్కు అక్కడే. విండో మీద ఇంకొకటి వచ్చి పోయినప్పుడల్లా, సైజు మారినప్పుడల్లా ప్రోగ్రాము మళ్ళీ గీస్తుంది. గీసినప్పుడల్లా ఒక బ్రష్ మిగిలిపోతుంది. విండోస్ 3 రోజుల్లో ఈ వస్తువులన్నీ 64 కిలోబైట్ల ఒకే గదిలో సర్దుకోవాలి, ఆ గది అన్ని ప్రోగ్రాములకీ ఉమ్మడి. ఒకరు వదిలేసిన బ్రష్‌ల భారం అందరూ మోసేవారు. ఎన్‌టీ తరం విండోస్‌లో ఒక్కో ప్రోగ్రాముకి మామూలుగా 10,000 జీడీఐ ఆబ్జెక్ట్‌లు దాటనివ్వరు. పొద్దున బాగానే ఉన్న ప్రోగ్రాము సాయంత్రానికి బటన్లు సగం గీసి, జాగాలు ఖాళీగా వదిలేస్తుంటే అనుభవజ్ఞులు ముందు టాస్క్ మేనేజర్ తెరిచి జీడీఐ ఆబ్జెక్ట్స్ అనే కాలమ్ చూస్తారు. అంకె పెరుగుతూనే పోతుంటే బ్రష్‌లు గానీ, పెన్నులు గానీ, ఫాంట్లు గానీ ఎక్కడో పోగవుతున్నాయన్నమాట. ఈ క్రమం నేర్చుకున్నవాళ్ళకి ఫైళ్ళు, డేటాబేస్ కనెక్షన్లు తెరిచి మూయడం వేరే పాఠంగా చెప్పక్కర్లేదు.

ఇక బ్రష్ మూలబిందువు. ప్యాటర్న్ బ్రష్‌తో వృత్తం నింపితే ప్యాటర్న్ ఆ వృత్తం అంచు నుంచి మొదలవుతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అలా కాదు, ఉపరితలం మీద స్థిరంగా ఉండే ఈ మూలబిందువు నుంచే మొదలవుతుంది. పూలచీరని పరిచి, దాని మీద గుండ్రంగా రంధ్రం చేసిన అట్ట పెట్టి చూసినట్టు ఉంటుంది. అట్ట ఎక్కడికి జరిపినా పూలు కదలవు, ఏ భాగం కనిపిస్తుందన్నదే మారుతుంది. అందుకే పక్కపక్కన రెండు ఆకారాలు ఒకే బ్రష్‌తో నింపితే మధ్యలో అతుకు కనిపించదు. కానీ స్క్రోల్ చేసినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఉన్న బొమ్మ మూడు పిక్సెళ్ళు పైకి జరిగింది, అడుగున మూడు పిక్సెళ్ళ ఖాళీ పట్టీ మిగిలింది. బ్రష్ ఆ పట్టీని పాత మూలబిందువు నుంచే లెక్కపెట్టి నింపుతుంది. పైన జరిగిన గళ్ళకీ కింద కొత్త గళ్ళకీ పొంతన కుదరక సన్నని అతుకు పడుతుంది. సెట్‌బ్రష్‌ఆర్గ్ఈఎక్స్ అనే ఫంక్షన్‌తో మూలబిందువునీ మూడు పిక్సెళ్ళు జరిపితే అతుకు మాయమవుతుంది.

నింపడం అంటే లోపల నింపడమే కదా, మరి లోపల అంటే ఏది? అయిదు కొమ్మల నక్షత్రాన్ని చెయ్యెత్తకుండా గీయండి. మధ్యలో ఒక పంచభుజి ఏర్పడుతుంది. అది లోపలా, బయటా? మధ్య నుంచి బయటికి ఒక కిరణం వదిలితే అది రెండు గీతల్ని దాటుతుంది. ఆల్టర్నేట్ పద్ధతిలో సరిసంఖ్య వస్తే బయట, కాబట్టి పంచభుజి ఖాళీగా మిగులుతుంది. జీడీఐలో మామూలుగా ఉండేది ఇదే. వైండింగ్ పద్ధతిలో గీత ఏ దిశలో తిరిగిందో కూడా లెక్క. నక్షత్రం గీసిన చెయ్యి ఆ మధ్యబిందువు చుట్టూ ఒకే దిశలో రెండుసార్లు తిరిగింది కనుక లెక్క సున్నా కాదు, పంచభుజి కూడా నిండుతుంది.

ఇది జ్యామితి చమత్కారంలా ఉంటుంది గానీ మన లిపి దగ్గరకొస్తే నిత్యావసరం. ట్రూటైప్ ఫాంట్లలో అక్షరం అంటే మూసిన గీతల సమూహం. ‘ఠ’ తీసుకోండి. బయటి వలయం ఒక దిశలో తిరుగుతుంది, లోపలి వలయం ఎదురు దిశలో తిరిగి బోలు ఏర్పరుస్తుంది, నడిమి చుక్క మళ్ళీ మొదటి దిశలో తిరుగుతుంది. వైండింగ్ లెక్కలో ఒకటి, సున్నా, ఒకటి. అక్షరం సరిగ్గా పడుతుంది. ఆల్టర్నేట్‌తోనూ ఇది తప్పుగా పడదు. తలకట్టు ఒక గీతగా, కింది అక్షరం ఇంకో గీతగా ఉండి ఒకదాని మీదికి ఒకటి ఎక్కితేనే చిక్కు. ఆల్టర్నేట్‌లో ఆ ఎక్కిన చోట రెండు దాట్లు లెక్కకొచ్చి తెల్ల మచ్చ పడుతుంది. తర్వాత వచ్చిన జీడీఐ ప్లస్‌లో అక్షరాలను గ్రాఫిక్స్‌పాత్‌గా మార్చి గ్రేడియంట్ బ్రష్‌తో నింపే సదుపాయం ఉంది. ఆ పాత్‌కి మామూలుగా ఉండేది ఆల్టర్నేటే. అలంకారంగా తెలుగు శీర్షిక వేయబోయి తలకట్ల దగ్గర మచ్చలు చూసినవాళ్ళు ఫాంటుని తిట్టుకునే ముందు ఫిల్‌మోడ్‌ని వైండింగ్‌కి మార్చి చూడాలి.

2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఆ జీడీఐ ప్లస్ బ్రష్‌ల సంసారాన్ని పెంచింది. ఆరు గీతల రకాలు 53 అయ్యాయి. ఫొటోని పరిచే టెక్స్‌చర్ బ్రష్ వచ్చింది. ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మెల్లగా జారే లీనియర్ గ్రేడియంట్ బ్రష్, అంచుల నుంచి నడిమికి జారే పాత్ గ్రేడియంట్ బ్రష్ వచ్చాయి. పాత విండోస్‌లో ఆ జారుడు రంగు కావాలంటే జాగాని వందల పట్టీలుగా కోసి పట్టీకో బ్రష్ చేసి నింపేవారు. ఇన్‌స్టలేషన్ తెరల వెనక నీలం నుంచి నలుపుకి దిగే నేపథ్యం అలా గీసిందే. కొత్త బ్రష్‌లో మూలబిందువు నియమం మాత్రం మారలేదు. గ్రేడియంట్ మీరిచ్చిన దీర్ఘచతురస్రానికి కట్టుబడి ఉంటుంది, నింపే ఆకారానికి కాదు. ఆకారం ఆ హద్దు దాటితే రంగు మళ్ళీ మొదటి నుంచి మొదలై గట్టి గీత పడుతుంది. విండో లోపలి జాగా మొత్తం పరిమాణాన్ని దానికి ఇచ్చి, సైజు మారినప్పుడల్లా కొత్త బ్రష్ చేసే ప్రోగ్రాము వాడుకరి విండోని మినిమైజ్ చేయగానే పడిపోతుంది. మినిమైజ్ అయిన విండోలో లోపలి జాగా వెడల్పు సున్నా, ఎత్తు సున్నా. సున్నా వెడల్పులో రంగు ఎక్కడి నుంచి ఎక్కడికి జారాలి? బ్రష్ తయారు కాదు, ఎక్సెప్షన్ వస్తుంది. వెడల్పు, ఎత్తు సున్నా కాదని ముందే చూసుకునే ఒక్క వాక్యం చాలు.

2006లో విండోస్‌కి వచ్చిన కొత్త గ్రాఫిక్స్ వ్యవస్థ డబ్ల్యూపీఎఫ్ ఈ నియమాన్ని తిరగేసింది. అక్కడ గ్రేడియంట్ బ్రష్ కొలతలు మామూలుగా సున్నా నుంచి ఒకటి దాకానే. సున్నా అంటే నింపే ఆకారం మొదలు, ఒకటి అంటే దాని చివర. చిన్న బటన్‌కీ పెద్ద ప్యానెల్‌కీ ఒకే బ్రష్ ఇస్తే రెండింట్లోనూ రంగు పూర్తిగా జారుతుంది. సైజు మారినా కొత్త బ్రష్ అక్కర్లేదు. రెండు ఆకారాల మీదుగా ఒకే జారుడు సాగాలంటే మాత్రం మ్యాపింగ్‌మోడ్‌ని ఆబ్సొల్యూట్ చేయాలి. బటన్లకి కొత్త పద్ధతి, మ్యాపులకి పాత పద్ధతి నయమని నా అభిప్రాయం. వెబ్ పేజీల క్యాన్వాస్ పాత దారిలోనే ఉంది, క్యూట్ లైబ్రరీ రెండింటినీ ఇస్తుంది.

ఈ ప్రయాణంలో వెనకబడిపోయింది గీతల బ్రష్. దాని వంశం చాలా పాతది. రంగుల్లో ముద్రించడం కష్టమైన రోజుల్లో, 1638లో, సిల్వెస్టర్ పెట్రా సాంక్టా అనే ఇటాలియన్ జెసూట్ తన గ్రంథంలో యూరప్ కులీన వంశాల చిహ్నాలకు గీతల్నే రంగులుగా వాడాడు. నిలువు గీతలంటే ఎరుపు, అడ్డ గీతలంటే నీలం, చుక్కలంటే బంగారం. ఇంజనీరింగ్ డ్రాయింగుల్లో కోత పడ్డ భాగాన్ని ఏటవాలు గీతలతో నింపడం ఇప్పటికీ ఉంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్ళకీ, నలుపు తెలుపు జిరాక్సు కాగితానికీ గీతలు ఒకేలా అర్థమవుతాయి. పరీక్షల్లో పాసైనవాళ్ళని ఆకుపచ్చగా, తప్పినవాళ్ళని ఎర్రగా చూపే బార్ చార్టుని జిరాక్సు తీస్తే రెండు బూడిద కడ్డీలు మిగులుతాయి. అందులో ఒకదానికి ఏటవాలు గీతలు వేసి ఉంటే ఎవరూ తికమకపడరు.

డబ్ల్యూపీఎఫ్‌లో హ్యాచ్ బ్రష్ అసలు లేదు. కావాలంటే మనమే కట్టుకోవాలి, అది కష్టమేమీ కాదు. డ్రాయింగ్‌బ్రష్ ఒకటి తీసుకుని అందులో మూల నుంచి మూలకి ఒక ఏటవాలు గీత పెట్టండి. టైల్‌మోడ్‌ని టైల్ చేయండి. వ్యూపోర్ట్‌ని ఆబ్సొల్యూట్ కొలతల్లో పది బై పది ఇవ్వండి, లేకపోతే పెద్ద కడ్డీలో గీతలు దూరదూరంగా, చిన్న కడ్డీలో కిక్కిరిసి పడతాయి. పలక మూలల దగ్గర గీత తెగినట్టు కనిపిస్తే గీతని రెండు కొసలా కొంచెం పొడిగించండి, వ్యూబాక్స్‌ని కూడా ఆబ్సొల్యూట్ చేసి పది బై పది దగ్గరే ఆపండి, అవతలి రెండు మూలల్లోనూ అలాంటి ముక్కలే పెట్టండి. ఆఖరున ఫ్రీజ్ పిలిస్తే బ్రష్ ఇక మారదు, చార్టులోని కడ్డీలన్నీ దాన్నే పంచుకుంటాయి.