అడ్డం అచ్చు

లంబరేఖల వాలుల లబ్ధం మైనస్ ఒకటి. ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ పిల్లలను నిద్రలో లేపి అడిగినా ఈ మాట చెప్తారు. ఎందుకలా అంటే మాత్రం క్లాసంతా నేలచూపులు చూస్తుంది. 1బి పేపర్లో లంబకేంద్రం కనుక్కొని ఏడు మార్కులు తెచ్చుకోవడానికి సూత్రం చాలు. ఎందుకన్నది ఎవరిక్కావాలి?

ఆదిలాబాద్‌లో ఈ పాఠం చెప్పేవాడికి నల్లబల్ల కన్నా నల్లరేగడి నయం. తొలకరి పడ్డాక జైనథ్, బేల దిక్కు పత్తి చేలల్లో ముందు నిలువుగా అచ్చు తోలుతారు, తర్వాత అడ్డంగా. గీతలు కలిసిన చోటల్లా ఆడవాళ్లు గింజ పెట్టుకుంటూ పోతారు. చెట్టు లేచాక గుంటుక రెండు దిక్కులా నడవాలనే ఈ తిప్పలంతా. ఒక్క దిక్కే తోలితే సాలులో చెట్ల నడుమ కలుపుకు కైకిలోళ్లను పెట్టాల్సిందే.

చేను మూలను మూలబిందువు అనుకుందాం. అక్కడి నుంచి తూర్పుకు 4 బారలు, ఉత్తరానికి 3 బారలు పోతే నిలువు అచ్చు మీద ఒక చోటుకు చేరతాం. వాలు 3/4. ఇప్పుడు ఆ గీతను 90 డిగ్రీలు తిప్పండి. తూర్పుకు పోయిన 4 ఉత్తరానికి మళ్లుతుంది. ఉత్తరానికి పోయిన 3 పడమరకు మళ్లుతుంది. పడమర అంటే మైనస్. కొత్త వాలు -4/3. భిన్నం తలకిందులు కావడం, గుర్తు మారడం రెండూ ఒక్క మలుపులోనే అయిపోయాయి. "సార్, గుర్తొక్కటి మారిస్తే సరిపోదా?" అనేవాడికి నేను జవాబు చెప్పను, గ్రాఫ్ కాగితం చేతికిచ్చి తిప్పమంటాను.

సమీకరణమూ అంతే సులువు. నిలువు అచ్చు 3ఎక్స్ − 4వై = 0. అడ్డం అచ్చుకు గుణకాలు తారుమారు చేసి, నడుమ గుర్తు మార్చితే 4ఎక్స్ + 3వై వస్తుంది. అది (4, 3) మీదుగా పోవాలి కాబట్టి 16, 9 కలిపి కుడివైపు 25 రాస్తే పని పూర్తి. గీత సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉంటే వాలు నిర్వచితం కాదు, లబ్ధం సూత్రం చేతులెత్తేస్తుంది. గుణకాల పద్ధతికి ఆ బెంగ లేదు. అందుకే నా ఓటు దీనికే.

రైతు బిడ్డలున్న క్లాసులో అసలు ప్రశ్న వేరే వస్తుంది. "అచ్చు జెర వంకర పోతే ఏమైతది సార్? గుంటుకైతే నడుస్తది కద!" నడుస్తుంది, గీతలు సమాంతరంగా ఉంటే చాలు. 1637లో ఈ జ్యామితికి పునాది వేసిన రెనె డెకార్త్ కూడా అక్షాలు లంబంగానే ఉండాలని పట్టుపట్టలేదు. నష్టమల్లా లెక్కలో తేలుతుంది. మూడడుగుల అచ్చులో చెట్టుకు 9 చదరపు అడుగులు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు కాబట్టి 4,840 చెట్లు. రెండు అచ్చుల నడుమ కోణం 60 డిగ్రీలే ఉంటే ఆ సంఖ్యను సైన్ 60తో గుణించాలి, దాదాపు 4,190 దగ్గర ఆగిపోతుంది. ఎకరానికి 650 చెట్లు గల్లంతు! అయితే ఎడ్ల వెనక చేయి తిరిగినవాడు అంత వంకర పోడు. 80 డిగ్రీలకు తగ్గేవి డెబ్బై చిల్లర చెట్లే. కంటితోనే కొలిచేవాడికి ఆ మాత్రం తేడా ఒక లెక్కా?

ఇప్పుడు వస్తున్న అధిక సాంద్రత పత్తిలో సాలులో చెట్లు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి, అడ్డం గుంటుకకు సందే ఉండదు. రెండు దిక్కులా అచ్చు తోలే చేను దొరికితే మాత్రం పిల్లల చేతికి టేపు ఇచ్చి, ఒక గడిలో రెండు కర్ణాలూ కొలవమనండి. మూడడుగుల గడిలో రెండూ నాలుగడుగుల మూడంగుళాల దగ్గరికి రావాలి. ఒకటి పొడుగొస్తే, దాని కొనలున్న మూలల్లోనే కోణం 90 కన్నా తగ్గిందన్నమాట.