క్రిమిభయం - కళావివేచన: ‘మార్చింగ్ ప్లేగ్’ పరిశీలన

1. ఉపోద్ఘాతం:
భయానకరసానికి స్థాయిభావం భయం. దాని ఆలంబనం సాధారణంగా రూపమున్నది: పులి, పిశాచం, శత్రుసేన. సూక్ష్మజీవి మాత్రం కంటికి కనిపించదు. ఆ వెలితిని ఊహ పూరిస్తుంది. ఆ ఊహను ప్రభుత్వాలు వినియోగించుకుంటాయి. ఈ ప్రక్రియను ప్రశ్నించిన అమెరికన్ కళాబృందం క్రిటికల్ ఆర్ట్ ఎన్సెంబుల్ రూపొందించిన ‘మార్చింగ్ ప్లేగ్’ చిత్రాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. పునఃప్రదర్శన:
1952లో బ్రిటిష్ సైన్యం స్కాట్లాండ్‌లోని లూయిస్ ద్వీపం సమీపాన, సముద్రంపై ప్లేగు బాక్టీరియాను వెదజల్లి గినీ పందులపై పరీక్షించింది. ఆ మేఘంలోకి కారెల్లా అనే చేపల పడవ వచ్చింది. నావికులకు విషయం చెప్పకుండా వారి ఆరోగ్యాన్ని రహస్యంగా గమనించారు. ఈ బృందం అదే సముద్రంలో, హానిచేయని బాక్టీరియాతో ఆ పరీక్షను మళ్ళీ చేసింది. గాలి, అలలు, పడవ, గినీ పందులు కళ్ళెదుట నిలిచేసరికి అదృశ్యభయానికి ఆలంబనం దొరికింది. దొరికిన మరుక్షణమే అది హాస్యానికి దారితీసింది. జీవాయుధం యుద్ధసాధనంగా నమ్మదగినది కాదనీ, దానిపై వెచ్చించే ధనం ప్రజారోగ్యానికి చెందవలసినదనీ బృందం వాదన.

3. విచారణ:
ఈ కృతి రూపొందుతుండగానే, 2004 మేలో, బృందసభ్యుడు స్టీవ్ కర్ట్జ్ భార్య బఫెలోలో గుండె ఆగి మరణించారు. ఇంట్లోని పెట్రీ డిష్‌లను చూసిన అత్యవసర సిబ్బంది సమాచారంతో జీవ ఉగ్రవాద దర్యాప్తు మొదలైంది. గ్రాండ్ జ్యూరీ ఆ ఆరోపణను అంగీకరించలేదు. మిగిలినది 256 డాలర్ల బాక్టీరియా కొనుగోలుపై తపాలా మోసం కేసు. 2008లో న్యాయమూర్తి దానినీ కొట్టివేశారు. చిత్రం ఊహించిన భయాన్ని ప్రభుత్వమే ఆచరించి చూపింది.

4. పరిమితి:
అయితే ఒక పరీక్ష విఫలమైనంత మాత్రాన ప్రమాదం లేదని తేలదు. 2001లో ఆంత్రాక్స్ లేఖలు ఐదుగురిని బలిగొన్నాయి. ఆ మరణాల ముందు ఈ హాస్యం తేలిపోతుంది. కాని ఆ లేఖలకు సైనిక పరిశోధనాశాలలోని శాస్త్రవేత్తే బాధ్యుడని దర్యాప్తు సంస్థ తేల్చింది. కాబట్టి ప్రశ్న క్రిమిని దాటి పరిశోధనాశాలను చేరుతుంది. వాదంగా తడబడిన చోటనే ఈ చిత్రం ప్రశ్నగా బలపడింది.

5. ముగింపు:
భయం మిథ్య అని నిరూపించడం కళ పని కాదు. ఎవరిని చూసి భయపడాలో ఎవరు నిర్ణయిస్తున్నారని అడగడం దాని పని. కారెల్లా నావికులకు ఆ ప్రశ్న అడిగే అవకాశం దక్కలేదు. ‘మార్చింగ్ ప్లేగ్’ విలువ ఆ అవకాశాన్ని ప్రేక్షకునికి ఇవ్వడంలో ఉంది.